జట్ల చెస్ లీగ్ పెట్టాలంటే: ఎక్కే జట్టు, దిగే జట్టు, రెండో బంతి

2023 జనవరిలో ఒక సోమవారం పొద్దున్నే ఒకాయన అంబాజీపేటలో మా కొట్టుకి వచ్చాడు. నేనక్కడ కొబ్బరి వ్యాపారి దగ్గర గుమాస్తాను. పాతికేళ్ళ పైనుంచి పద్దులు రాస్తున్నాను. ఆయన కాయ బేరానికి రాలేదు. అంతకుముందు రోజే ఆయన జట్టు మా చెస్ లీగ్‌లో మొదటి డివిజన్ నుంచి రెండో డివిజన్‌కి దిగిపోయింది. గోనెసంచుల మీద కూర్చుని, టీ తెప్పిస్తానన్నా వద్దని, చాలాసేపటికి ఒక మాట అన్నాడు. "ఓడిపోయినందుక్కాదండీ. మమ్మల్ని రెండో బంతిలో కూర్చోబెట్టేరు. అదండీ బాధ."

పెళ్ళిళ్ళలో రెండో బంతి సంగతి మనకి తెలియనిదా! ఆకు అదే, అన్నం అదే. అయితే ముందు బంతి ఎప్పుడు లేస్తుందా అని నిలబడి చూడాలి. కూర్చునేసరికి గారెలు అయిపోయాయంటారు. వడ్డించేవాడి మొహంలో ఓపిక కనపడదు. ఆలోచిస్తే ఆయన మాట అక్షరాలా నిజం. ఆ ఏడు రెండో డివిజన్ మ్యాచ్‌లు మేము హాలు బయట వరండాలో పెట్టాం. మంచి చెస్ క్లాకులు పైవాళ్ళకి, బటన్ గట్టిగా నొక్కితే గానీ పనిచేయనివి వీళ్ళకి. వరండాలో ఆడినవాళ్ళని లోపలివాళ్ళు రోజంతా చూశారు. మరి దిగడమంటే వాళ్ళకి ఇంకేం గుర్తుకొస్తుంది?

మండపేట వైపు కుర్రాళ్ళు ఇద్దరు తమ పక్క కూడా ఇలాంటి లీగ్ పెడతామని, ఎలా చేయాలో రాసిపెట్టమని అడిగారు. నాలుగు సీజన్లు నడిపాక నాకు అర్థమైంది ఇదీ: లీగ్ బతుకు పైన గెలిచిన జట్టు చేతిలో లేదు, దిగిపోయిన జట్టు మళ్ళీ ఏడు వస్తుందా రాదా అన్న దాంట్లో ఉంది. కింద రాసిన రూల్స్‌లో సగం అందుకోసం పుట్టినవే.

నలుగురు, ఒక రిజర్వు

జర్మనీలో చెస్ బుందెస్‌లీగా ఉంది. 1980 నుంచి దేశమంతటికీ ఒకే పై డివిజన్‌గా నడుస్తోంది. మ్యాచ్‌కి ఎనిమిది బోర్డులు. బ్రిటన్‌లో 1993లో మొదలైన లీగ్‌లో కూడా ఎనిమిదే. వాటిని చూసి మనం ఎనిమిది అనుకోకూడదు. ఒక ఊరి నుంచి ఎనిమిది మందిని ఆదివారం పొద్దున్నే లేపి బస్సెక్కించడం కెప్టెన్ తరం కాదు. చెస్ ఒలింపియాడ్ (దేశాల జట్ల పోటీ) కొలత మనకి సరిపోతుంది: ఆడేది నలుగురు, అయిదోవాడు రిజర్వు. అయిదుగురు ఒక కారులో పడతారు. కొంచెం సర్దుకుంటే ఆటోలోనూ పడతారు.

రిజర్వు అంటే మిగిలిపోయినవాడని మనవాళ్ళకి ఒక చిన్నచూపు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మనకి స్వర్ణం తెచ్చిన ఓపెన్ జట్టులో అయిదో పేరు గుంటూరు పెంటేల హరికృష్ణది. 2001లోనే గ్రాండ్‌మాస్టర్ అయిన మనిషి. మా కుర్రాళ్ళు రిజర్వుగా కూర్చోమంటే మొహం ముడుచుకున్నప్పుడల్లా నేను ఆయన పేరే చెబుతాను.

బోర్డుల సంఖ్య సరిసంఖ్యే ఉండాలి. నాలుగైతే రెండు తెల్లవి, రెండు నల్లవి వస్తాయి. పెయిరింగ్‌లో, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే జాబితాలో, మొదట పేరున్న జట్టుకి ఒకటి, మూడు బోర్డుల మీద తెల్లవి. రెండో జట్టుకి రెండు, నాలుగు మీద. ఇది కాగితం మీద చదివితే తేలిక. పొద్దున్న తొమ్మిదిన్నరకి ఇరవై నాలుగు బోర్డులు పరిచేటప్పుడు మాత్రం కచ్చితంగా ఎవరో ఒకరు తిప్పేస్తారు. అందుకని బల్ల మీద తెల్లవైపు సుద్దముక్కతో జట్టు పేరు రాయించండి.

డివిజన్‌కి ఆరు జట్లు. ప్రతి జట్టూ మిగతా అయిదింటితో ఒక్కోసారి ఆడుతుంది, అంటే అయిదు రౌండ్లు. రెండు డివిజన్లకి పన్నెండు జట్లు. ప్రతి జట్టూ రెండు బోర్డులు, రెండు డిజిటల్ క్లాకులు తెచ్చుకుంటే లెక్క ఇరవై నాలుగుకి ఇరవై నాలుగు సరిపోతుంది. క్లాకులన్నీ ఒకచోట పోసి, చీటీ తీసి బల్లలకి పంచండి. ఎవరి క్లాకు వాళ్ళ ముందే పెట్టుకుంటామంటే మళ్ళీ వరండా కథే.

ఆరు జట్ల పెయిరింగులు కొత్తగా కనిపెట్టే పని లేదు. బెర్గర్ పట్టిక ఎప్పటినుంచో ఉంది. చీటీల్లో ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు వేసి తీయించండి. ఆ తర్వాత గోడకి ఇది అంటించండి:

మొదటి రౌండు: 1–6, 2–5, 3–4
రెండో రౌండు: 6–4, 5–3, 1–2
మూడో రౌండు: 2–6, 3–1, 4–5
నాలుగో రౌండు: 6–5, 1–4, 2–3
అయిదో రౌండు: 3–6, 4–2, 5–1

ఒకే ఊరి నుంచి రెండు జట్లు ఒకే డివిజన్‌లో ఉంటే వాటికి చీటీలో 1, 6 గానీ, 2, 5 గానీ, 3, 4 గానీ వచ్చేలా చూడండి. మొదటి రౌండులోనే వాళ్ళూ వాళ్ళూ ఆడేసుకుంటారు. చివరి రౌండుకి మిగిల్చారో, అన్నయ్య జట్టు తమ్ముడి జట్టుకి పాయింట్లు పంచిపెట్టిందని ఊరంతా అంటుంది. పంచకపోయినా అంటుంది.

ఎప్పుడు, ఎక్కడ

మా మొదటి సీజన్ 2022 జులైలో పెట్టాలనుకున్నాం. బడులు తెరిచారు, పరీక్షల్లేవు, బాగుంటుందనుకున్నాం. ఆ నెలలోనే ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 17.75 లక్షల దగ్గర. లంకల్లో జనం పడవల మీద బయటికొస్తుంటే చెస్ గురించి ఎవరడుగుతారు? కాబట్టి జులై నుంచి సెప్టెంబరు దాకా కేలండర్‌లో కొట్టేయండి.

కార్తీక మాసం వద్దే వద్దు. ఆ నెలలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరి వనభోజనాలు ఉంటాయి. నవంబరులో సార్వా కోతలు, మాసూళ్ళు. మార్చిలో పరీక్షలు. మేలో పిల్లలు ఖాళీయే గానీ రేకుల షెడ్డులో మూడు గంటల ఆట ఆడించడం పాపం.

మిగిలింది ధనుర్మాసం. డిసెంబరు 16 నుంచి సంక్రాంతి ముందు దాకా నాలుగు ఆదివారాలు దొరుకుతాయి. పైగా ఆ నెలలో పెళ్ళి ముహూర్తాలుండవు. కల్యాణ మండపాలు తాళాలేసి ఉంటాయి. మామూలు రోజుల్లో మనకేసి చూడని యజమాని కూడా ఆ నెలలో "ఎంతో కొంత ఇవ్వండి బాబూ" అంటాడు. ఫ్యాన్లు, కుర్చీలు, వంటగది, మరుగుదొడ్లు అన్నీ ఉంటాయి. ఈ కిటుకు నేను కనిపెట్టింది కాదు, మా కొట్లో లెక్క చూడ్డానికొచ్చే ఒక మండపం మేనేజరు చెప్పాడు.

మూడు ఆదివారాలు ఆటకి, నాలుగోది ఖాళీగా ఉంచండి. తుపాను ఎప్పుడొస్తుందో తెలియదు. 1996 నవంబరు 6న వచ్చినదాన్ని మా వ్యాపారంలో ఎవరూ మర్చిపోలేదు. ఒక్క రాత్రిలో కోనసీమలో కొబ్బరితోటలు తలకిందులైపోయాయి. ఖాళీ ఆదివారం నాలుగేళ్ళలో మాకు ఒక్కసారే అవసరమైంది. ఆ ఒక్కసారికీ అది లేకపోతే సీజన్ సంక్రాంతి కోళ్ళ మధ్యన పడేది.

ఇక ఎక్కడ అన్నది. మీ ఊళ్ళో ఒక మ్యాచ్, మా ఊళ్ళో ఒక మ్యాచ్ అన్న పద్ధతి వినడానికి గొప్పగా ఉంటుంది. మొదటి సీజన్ మొదటి రౌండు మేమలాగే పెట్టాం. రామచంద్రపురం వైపు జట్టొకటి కోటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి, ముక్తేశ్వరంలో దిగి, మోటారు సైకిళ్ళ మీద మా దగ్గరికొచ్చింది. నాలుగో బోర్డు మీద రూక్ ఎండింగ్ (చివరికి ఏనుగులు, బంట్లే మిగిలే ఆట) పడింది. ఇద్దరూ మొండివాళ్ళే. తొంభై ఎత్తులు దాటింది. ఆట అయ్యేసరికి పంటు ఆగిపోయింది. పాపం వాళ్ళు ఎదుర్లంక, యానాం వంతెన మీదుగా చుట్టు తిరిగి రాత్రి ఎప్పటికో ఇల్లు చేరారు. ఆ జట్టు కెప్టెన్ భార్య మర్నాడు ఫోన్ చేసి నాతో మాట్లాడిన మాటలు ఇక్కడ రాయను.

అప్పట్నుంచి అందరూ ఒకేచోట. గౌతమి పాయకి అవతలివాళ్ళు, వశిష్ట పాయకి అవతలివాళ్ళు, మధ్యలో మేము, ఈ ముగ్గురికీ బస్సు దొరికే చోటు చూడాలి. మాకు రావులపాలెం కుదిరింది. హైవే మీద ఉంది, జొన్నాడ వంతెన ఒకవైపు, సిద్ధాంతం వంతెన ఇంకోవైపు. నరసాపురం నుంచి వచ్చేవాళ్ళు సఖినేటిపల్లి పంటు మీద ఆధారపడకుండా పాలకొల్లు మీదుగా రావచ్చు. మీ పక్క ఏ ఊరైనా సరే, అన్ని జట్లూ రాత్రి ఎనిమిదిలోపు ఇంటికి చేరగలవా అన్నదే చూసుకోండి.

టైమ్ కంట్రోల్ ఒక్కొక్కరికి గంట, ఆడిన ప్రతి ఎత్తుకీ అదనంగా 30 సెకన్లు (దీన్నే ఇంక్రిమెంట్ అంటారు). అరవై ఎత్తుల ఆటకి ఒక్కొక్కరికి గంటన్నర, ఇద్దరికీ కలిపి మూడు గంటలు. పది గంటలకి ఒక రౌండు, రెండుకి ఇంకోటి. మొదటి ఆదివారం రెండు రౌండ్లు, రెండో ఆదివారం రెండు, మూడోనాడు పొద్దున అయిదోది. ఆ మధ్యాహ్నం ఖాళీ ఎందుకు ఉంచానో తర్వాత చెబుతాను. ఇంక్రిమెంట్ 30 సెకన్లు ఉందంటే ఆడిన ఎత్తులు చివరిదాకా కాగితం మీద రాయాల్సిందే, టైమ్ అయిపోతోందని పెన్ను పక్కన పెట్టడానికి వీల్లేదు. పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పండి.

ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళే ఆటగాళ్ళు మా ప్రతి జట్టులోనూ ఉన్నారు. క్రిస్మస్ దగ్గర పడిన ఆదివారమైతే వాళ్ళని అసలు అడగనేకూడదు. అందుకే జట్టుకి అయిదుగురు కాకుండా ఎనిమిది పేర్లు రాయించుకోండి. పొద్దున ఒక నలుగురు, మధ్యాహ్నం ఇంకో నలుగురు ఆడొచ్చు.

ఎనిమిది పేర్ల వరస

గొడవలన్నీ పుట్టేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

సీజన్‌కి పది రోజుల ముందు ప్రతి కెప్టెనూ ఎనిమిది పేర్లు బలం వరసలో రాసి ఇవ్వాలి. మ్యాచ్ రోజు అందులోంచి ఎవరినైనా నలుగురిని దింపవచ్చు, కానీ వరస మారకూడదు. రెండోవాడు, అయిదోవాడు, ఆరోవాడు, ఎనిమిదోవాడు వచ్చారంటే అదే వరసలో ఒకటి నుంచి నాలుగు బోర్డుల మీద కూర్చోవాలి. ఈ రూలు లేకపోతే ఏం జరుగుతుందో చెప్తాను. మొదటి సీజన్‌లో ఒక కెప్టెన్ అయిదో తరగతి పిల్లవాణ్ణి మొదటి బోర్డు మీద కూర్చోబెట్టాడు. అవతల మొదటి బోర్డు మీద పెద్ద రేటింగ్ (ఆటగాడి బలం చెప్పే అంకె) ఉన్న ఆటగాడు. పిల్లవాడు పదిహేడు ఎత్తుల్లో ఓడిపోయాడు. మిగతా మూడు బోర్డులూ ఆ జట్టే గెలిచింది. కెప్టెన్ నవ్వుతున్నాడు, పిల్లవాడు మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. గెలిచినవాళ్ళ తప్పు కాదది, రూలు రాయని నా తప్పు.

రేటింగ్ ఉన్నవాళ్ళ వరస తేలికే. ఇద్దరి మధ్య తేడా వంద దాటితే ఎక్కువ ఉన్నవాడే పైన, వందలోపైతే కెప్టెన్ ఇష్టం. చిక్కంతా రేటింగ్ లేనివాళ్ళతో. 2024 మార్చి నుంచి ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే కనీస రేటింగ్‌ని 1400 చేసింది, అంతకంటే తక్కువ బలమున్నవాళ్ళకి రేటింగే ఉండదు. రేటింగ్ లేనివాణ్ణి అందరికంటే కింద రాయాలని రూలు పెడితే, బాగా ఆడుతూ ఇంకా రేటింగ్ రాని కుర్రవాణ్ణి నాలుగో బోర్డు మీద దాచేస్తారు. మేము లీగ్‌కి ముందు జరిగే ఒకరోజు ర్యాపిడ్ (త్వరగా ముగిసే ఆటల పోటీ) ఫలితం చూసి అలాంటివాళ్ళ చోటు మేమే నిర్ణయిస్తాం. ఆ నిర్ణయం చేసే ముగ్గురిలో ఏ జట్టు కెప్టెనూ ఉండడు.

ఆ ఒకరోజు ర్యాపిడ్ ఇంకో పనికీ వస్తుంది. లీగ్ మొదలుపెట్టే ఏడాది ఎవరిని మొదటి డివిజన్‌లో వేయాలి, ఎవరిని రెండో దాంట్లో? పేరు చూసి వేస్తే మొదటిరోజే గొడవ. అక్టోబరు 2 సెలవు. ఆ రోజు పన్నెండు జట్లకీ పదిహేను నిమిషాలు, ఎత్తుకి పది సెకన్లతో అయిదు రౌండ్ల స్విస్ (ప్రతి రౌండులో దాదాపు సమాన పాయింట్లున్న జట్లు తలపడే పద్ధతి) పెట్టండి. మొదటి ఆరు పైన, మిగతా ఆరు కింద. రెండో ఏడాది నుంచి కొత్త జట్టు ఏదొచ్చినా, అందులో ఎంత పెద్ద ఆటగాడున్నా, కిందనే చేరాలి.

ముగ్గురే వచ్చారనుకోండి, ఖాళీ వదలాల్సింది నాలుగో బోర్డునే. అవతలివాళ్ళ బలమైన ఆటగాడికి ఎదురుగా కుర్చీ ఖాళీగా వదిలి తప్పించుకునే తెలివి మనవాళ్ళకి చాలా త్వరగా వస్తుంది.

అద్దె ఆటగాళ్ళ సంగతి కూడా. కబడ్డీ పోటీలకి బయటూరి ఆటగాళ్ళని తెచ్చినట్టు, చివరి రౌండుకి హైదరాబాదు నుంచి ఒక మంచి ఆటగాణ్ణి దింపి నిలబడిపోదామని చూస్తారు. ముందు నాలుగు రౌండ్లలో కనీసం రెండు ఆడనివాడు అయిదో రౌండులోగానీ ప్లేఆఫ్‌లోగానీ (అదేంటో కింద చెబుతాను) ఆడకూడదని రాయండి. ఒక్క వాక్యంతో ఆ వ్యాపారం ఆగిపోతుంది.

ఇంకో రూలు నా పట్టుదల మీద వచ్చింది. మ్యాచ్ ఆడే నలుగురిలో ఒకరు ఆడపిల్లగానీ పదిహేనేళ్ళలోపు పిల్లవాడుగానీ ఉండాలి. పక్క డెల్టాలో గుడివాడ నుంచి కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. మన ఊళ్ళలో అదే వయసు అమ్మాయి టెన్త్‌కి రాగానే బోర్డు అటక ఎక్కుతుంది. జట్టుకి ఆ పిల్ల అవసరమైతే కెప్టెనే వెళ్ళి వాళ్ళ నాన్నని బతిమాలతాడు. "పంపండి మావయ్యా, సాయంత్రం ఆరింటికి నేనే ఇంటి దగ్గర దింపుతాను" అని ఒక కెప్టెన్ అడగడం నేను చెవులారా విన్నాను. మా ఉపన్యాసాలతో జరగని పని అది.

పాయింట్లు

మ్యాచ్ గెలిస్తే 2, సమమైతే 1, ఓడితే 0. ముందు చూడాల్సింది ఈ మ్యాచ్ పాయింట్లే. నాలుగు బోర్డుల మీద వచ్చిన గేమ్ పాయింట్లు ఆ తర్వాత. ఒలింపియాడ్‌లో కూడా 2008 నుంచి ముందు చూసేది మ్యాచ్ పాయింట్లే.

ఎందుకంటే లెక్క వేసి చూడండి. ఒక జట్టు మూడు మ్యాచ్‌లు రెండున్నర–ఒకటిన్నరతో గెలిచి, రెండు ఒకటి–మూడుతో ఓడింది. గేమ్ పాయింట్లు తొమ్మిదిన్నర. ఇంకో జట్టు ఒక్క మ్యాచ్ నాలుగు–సున్నాతో గెలిచి, నాలుగు మ్యాచ్‌లు ఒకటిన్నర–రెండున్నరతో ఓడింది. దానికి పది. గేమ్ పాయింట్లే చూస్తే, ఒక్క మ్యాచ్ గెలిచిన జట్టు మూడు గెలిచిన జట్టు మీద కూర్చుంటుంది. పైగా ఆ నాలుగు–సున్నా సాధారణంగా ఎవరి మీద వస్తుంది? అప్పటికే ఆశ వదులుకుని ఇద్దరినే పంపిన జట్టు మీద. ఒకరి నిర్లక్ష్యం ఇంకొకరిని దించకూడదు కదా.

మ్యాచ్ పాయింట్లు సమమైతే గేమ్ పాయింట్లు, అవీ సమమైతే వాళ్ళిద్దరి మధ్య మ్యాచ్, అదీ రెండు–రెండు అయితే బెర్లిన్ పద్ధతి. మేము దాన్ని తూకం అంటాం. మొదటి బోర్డు గెలుపుకి నాలుగు, రెండోదానికి మూడు, మూడోదానికి రెండు, నాలుగోదానికి ఒకటి. డ్రా అయితే చెరిసగం. మొత్తం పది. ఒకటి, రెండు బోర్డులు గెలిచిన జట్టుకి ఏడు, అవతలివాళ్ళకి మూడు. ఒకటి, నాలుగు గెలిస్తే మాత్రం అయిదు–అయిదే. తూకం కూడా ఒక్కోసారి తేల్చదు.

దించడం

మొదటి సీజన్‌లో ఆరింటిలో రెండు జట్లని దించాం. ఫుట్‌బాల్‌లో మూడేసి జట్లని దించుతారని ఎవరో అన్నారు, నిజమే కదా అనుకున్నాం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పై లీగ్‌లో ఇరవై జట్లు, ముప్ఫై ఎనిమిది మ్యాచ్‌లు. మాకు అయిదు మ్యాచ్‌లు. ఒక ఆదివారం ఇద్దరు ఆటగాళ్ళకి జ్వరం వస్తే ఏడాది పోయినట్టే. దిగిన రెండు జట్లలో ఒకటి మళ్ళీ ఏడు రాలేదు. రెండోది ఆ గోనెసంచుల మీద కూర్చున్నాయనది.

ఇప్పుడు చేసేది ఇది. ఆరో స్థానం నేరుగా దిగుతుంది, రెండో డివిజన్‌లో మొదటి స్థానం నేరుగా ఎక్కుతుంది. పైన అయిదో స్థానం, కింద రెండో స్థానం మూడో ఆదివారం మధ్యాహ్నం ప్లేఆఫ్ ఆడతాయి. ఆ మధ్యాహ్నం ఖాళీ ఇందుకే. రెండు–రెండు అయితే తూకం, తూకమూ సమమైతే పైజట్టు పైనే ఉంటుంది. దించాలంటే ఓడించాలి. దీనివల్ల రెండో డివిజన్‌లో రెండో స్థానం కోసం కూడా చివరి ఎత్తు దాకా పోరాటం ఉంటుంది. పైన నాలుగు, అయిదు స్థానాలకీ అంతే. నిజం చెప్పాలంటే ఛాంపియన్ ఎవరో తేలే మ్యాచ్ కంటే ఈ ప్లేఆఫ్‌కే జనం ఎక్కువ నిలబడతారు.

రాతలో పెట్టకపోతే కొంపలు ముంచేవి ఇంకొన్ని ఉన్నాయి. పైడివిజన్ జట్టేదైనా సీజన్ తర్వాత మానేస్తే, దిగే జట్టు అదే అవుతుంది, ఆరో స్థానం నిలబడిపోతుంది. ఎక్కాల్సిన జట్టు మాకొద్దంటే (అంటారు, నమ్మండి, దెబ్బలు తినడం ఎందుకని) రెండో స్థానం జట్టుని అడగాలి. వాళ్ళూ వద్దంటే పైనుంచి ఎవరూ దిగరు. మూడో స్థానం దాకా వెళ్ళి బతిమాలవద్దు.

సీజన్ మధ్యలో జట్టు మానేస్తే ఇంకా చిక్కు. మా మూడో సీజన్‌లో ఒక జట్టు రెండు రౌండ్లు ఆడి మానేసింది. రూలు రాసి లేదు. వాళ్ళ మీద గెలిచిన జట్టు ఆ రెండు పాయింట్లు మావేనంటుంది, ఇంకా ఆడని జట్లు మాకూ ఇవ్వమంటాయి. ఆ రాత్రి పన్నెండింటి దాకా మండపం మెట్ల మీద పంచాయతీ. ఇప్పుడు రూలు: సగం మ్యాచ్‌లైనా ఆడకుండా మానేస్తే, అంటే మాకు మూడుకంటే తక్కువ, ఆ జట్టు ఫలితాలన్నీ కొట్టివేత. మూడుగానీ ఎక్కువగానీ ఆడితే అయినవి ఉంటాయి, మిగతావి ఎదుటివాళ్ళకి వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు. మానేసిన జట్టు ఎలాగూ ఆరోదే.

చివరి రౌండు రెండు డివిజన్లూ ఒకే నిమిషానికి మొదలవ్వాలి. ముప్ఫై ఎత్తులలోపు ఆర్బిటర్ (ఆట నడిపే తీర్పరి) ఒప్పుకోకుండా డ్రా చేసుకోకూడదు. ఇద్దరికీ సమం సరిపోయే మ్యాచ్ చివరి రోజు ఒకటి తప్పకుండా ఉంటుంది. పదకొండో ఎత్తుకి నాలుగు బోర్డుల మీద నాలుగు చేతులు కలిస్తే హాలంతా గుసగుసలే.

కెప్టెన్ తన ఆటగాడితో ఏం మాట్లాడొచ్చు? డ్రా అడుగు, డ్రా ఒప్పుకో, రిజైన్ చెయ్యి (ఓటమి ఒప్పుకో), ఇంతే. బోర్డు మీద పొజిషన్ గురించి ఒక్క ముక్క కూడా కూడదు. "గుర్రాన్ని చూసుకో బాబాయ్" అన్నది సలహానే, ఎంత మెల్లిగా అన్నా. అన్న కెప్టెన్ బయటికి. ఆర్బిటర్‌ని మాత్రం డబ్బిచ్చి పిలిపించుకోండి, శిక్షణ పొందినవాణ్ణే. మొదటి చెల్లని ఎత్తుకి ఎదుటివాడికి రెండు నిమిషాలు, రెండోదానికి ఓటమి అని చెప్పేవాడు మన ఊరి అన్నయ్యే అయితే రెండోసారి నోరు పెగలదు.

డబ్బు

జట్టుకి రెండు వేలు. పన్నెండు జట్లకి ఇరవై నాలుగు వేలు. మండపానికి మూడు రోజులకి తొమ్మిది, ఇద్దరు ఆర్బిటర్లకి ఆరు, షీల్డులు, కాగితాలకి మూడు. మిగిలిన ఆరు వేలూ దారి ఖర్చుల కుండలో వేస్తాం. దూరం నుంచి వచ్చే జట్టుకి ఎక్కువ, రావులపాలెం పక్కవాళ్ళకి సున్నా. కేష్ ప్రైజు లేదు. ఒక దాత పాతిక వేలు పెడతానన్నాడు. ఆయ్, అలాగేనండి అనబోయి ఆగిపోయాను. పాతిక వేలు మొదటి స్థానానికి పెడితే ఆ డబ్బుతో అద్దె ఆటగాడు వస్తాడు, అయిదో స్థానం జట్టుకి ఏమీ రాదు. ఆయన్ని ఒప్పించి ఆ డబ్బుతో కొత్త క్లాకులు కొనిపించాం. అవి రెండు డివిజన్లలోనూ చీటీ ప్రకారం తిరుగుతాయి.

భోజనం జట్ల ఖర్చే, కానీ ఇరవై నాలుగు బోర్డులవాళ్ళకీ ఒకేసారి, ఒకే బంతి. ఎవరు ఏ డివిజనో ఆకు చూస్తే తెలియకూడదు. రెండో డివిజన్ గెలిచిన షీల్డు కూడా మొదటి దానికున్న సైజే చేయించండి. తేడా రెండొందల రూపాయలు.

మ్యాచ్ కార్డు

కొబ్బరి రైతుకి పట్టీ ఎలాగో జట్టుకి మ్యాచ్ కార్డు అలాగ. కాయలెన్ని, రేటెంత, కోత ఎంత అన్నది పట్టీ మీద లేకపోతే మర్నాడు ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెబుతారు. కార్బన్ పెట్టి మూడు కాపీలు రాయించండి. బోర్డు, పేరు, రంగు, ఫలితం, ఇద్దరు కెప్టెన్ల సంతకాలు. సంతకం పడ్డ పావుగంట తర్వాత ఫిర్యాదు తీసుకోకండి. ఆలోపు ఇచ్చేది రాతలో ఇవ్వాలి, అయిదొందలు కట్టాలి. ఫిర్యాదు నిలిస్తే డబ్బు వెనక్కి. అయిదొందలు పెట్టాక ఫిర్యాదుల సంఖ్య మూడోవంతుకి పడిపోయింది.

ఫోన్లు హాల్లోకి రాకూడదు. స్విచాఫ్ చేసి, జట్టు పేరు రాసిన కవర్లో పెట్టి, అన్నీ ఒక గోనెసంచిలో వేసి మూతి కడతాను. సంచి మా కొట్టుదే. ఒకసారి కట్టిన సంచిలోంచి ఎవరిదో అలారం మోగింది, అరగంట మోగుతూనే ఉంది. ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

చివరి రోజు ప్లేఆఫ్ అయ్యాక షీల్డుల కంటే ముందు ఇంకో పని చేయండి. మళ్ళీ ఏడు ఏ జట్టు ఏ డివిజన్‌లో ఆడుతుందో ఒక కాగితం మీద రాసి చదవండి. దిగిన జట్టు పేరు చివర్లో గొణగకుండా మిగతావాటితో పాటే, అదే గొంతుతో. ఏ తేదీలోపు ఎనిమిది పేర్లివ్వాలో కూడా దాని మీదే ఉండాలి. పన్నెండు మంది కెప్టెన్లూ దాని మీద సంతకం పెట్టాలి. వేడి మీద ఉన్నప్పుడు పెట్టిన సంతకం సంక్రాంతి తర్వాత మనసు మారినా నిలబడుతుంది. ఆ రోజు కొట్టుకి వచ్చి గోనెసంచుల మీద కూర్చున్న పెద్దమనిషి మాత్రం తర్వాత మూడేళ్ళూ ఆ కాగితం మీద సంతకం పెట్టాడు. రెండేళ్ళు కింద ఆడి, పోయిన సీజన్ ప్లేఆఫ్ గెలిచి పైకొచ్చాడు.

పన్నెండు సంతకాలూ పడ్డాకే నేను గోనెసంచి మూతి విప్పుతాను.